బంతి వాలులో ఆగితే: హైదరాబాద్ నేల మీద గోల్ఫ్ షాట్ లెక్క

హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది డ్రైవింగ్ రేంజ్‌లో, అంటే షాట్లు సాధన చేసే మైదానంలో మొదలుపెడతారు. అక్కడ కాళ్ల కింద చదునైన మ్యాట్ ఉంటుంది. బంతి, రెండు పాదాలు ఒకే ఎత్తులో ఉంటాయి. వందల బంతులు అలాగే కొడతారు. కోర్సులోకి వెళ్లాక మొదటి షాట్ కొట్టే టీ బాక్స్ దాటితే అంత చదునైన నేల మళ్లీ జెండా ఉండే గ్రీన్ దగ్గర గానీ కనబడదు. ఒకచోట బంతి మోకాలి వైపు లేచి ఉంటుంది, ఇంకోచోట పాదాల కన్నా కిందికి జారి ఉంటుంది. అదే 7 ఐరన్ క్లబ్ (బంతి కొట్టే కర్ర), అదే స్వింగ్, కానీ బంతి ఎడమవైపు పొదల్లోకి పోతుంది. "ఇవాళ స్వింగ్ బాగా లేదు" అని టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో తర్వాతి రెండు మూడు హోల్స్ కూడా పాడవుతాయి.

నిజానికి చాలాసార్లు స్వింగ్‌లో తప్పేమీ ఉండదు. బంతి ఎడమకు పోవడానికి కారణం నేల వాలు. అది ఎంత దూరం ఎడమకు పోతుందో కూడా ముందే లెక్క వేయవచ్చు. వాలు షాట్లంటే అదృష్టం మీద ఆధారపడేవని, అనుభవం ఉన్నవాళ్లకే వస్తాయని ఒక నమ్మకం ఉంది. అది సరికాదు. గోల్ఫ్‌లో ఇంత స్పష్టంగా ముందే తెలిసే విషయాలు తక్కువ. గాలి మనసు మార్చుకుంటుంది గానీ వాలు మార్చుకోదు.

హైదరాబాద్ నేల సంగతి ముందు చూడాలి. నగరం దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అడుగున ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయి పగుళ్ల వెంట అరిగి, గుండ్లుగా విడిపోయి, మిట్టలుగా మిగిలింది. వాటి మధ్య పల్లాల్లో పల్చటి ఎర్ర చెలక మట్టి చేరింది. ఇంకా కింద చెరువులు వెలిశాయి. ఇక్కడ ఏ స్థలం చూసినా నీళ్లు ఏదో ఒక చెరువు వైపో వాగు వైపో పోయేలా వాలి ఉంటుంది. గోల్కొండ కోట కట్టిన గ్రానైట్ కొండ చుట్టూ నేల కన్నా దాదాపు 120 మీటర్లు ఎత్తు. ఆ కోటకు ఆనుకున్న నయా ఖిలా ప్రాంతంలోనే హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ కోర్సు ఉంది. గచ్చిబౌలి వైపు, పీటర్ హారడైన్ డిజైన్ చేసిన బౌల్డర్ హిల్స్ కోర్సుకు ఆ పేరు రావడానికి కారణం అక్కడి గుండ్లే. బుల్డోజర్‌తో ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా గడ్డి కత్తిరించిన దారి) ఎంత సాపు చేసినా, కింద రాయి ఉన్నచోట నేల తన అసలు ఆకారాన్ని పూర్తిగా వదులుకోదు.

కాలాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిపడి, గడ్డి పల్చబడి ఉంటుంది. బంతి వాలు మీద పడితే నిలవకుండా కిందికి దొర్లి, పల్లం అడుగున ఆగుతుంది. వానలు పడ్డాక గడ్డి ఒత్తుగా, తడిగా ఉండి బంతిని పడినచోటే పట్టుకుంటుంది. అందుకని జులై నుంచి అక్టోబరు దాకా సగం వాలులో నిలబడి కొట్టాల్సిన షాట్లు ఎక్కువగా ఎదురవుతాయి. వేసవిలో బాగా ఆడి, వానాకాలంలో స్కోరు పెరిగిపోయిందని బాధపడేవాళ్లు ఈ కోణం కూడా చూడాలి. తడి వల్ల బంతి తక్కువ దొర్లడం ఒక్కటే కారణం కాదు.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. కింద చెప్పేదంతా కుడిచేతి ఆటగాళ్లకు. ఎడమచేతివాళ్లు దిక్కులు తిప్పి చదువుకోవాలి.

క్లబ్ ముఖం నిటారుగా ఉండదు, కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ కోణమే లాఫ్ట్. పాత కొలతల్లో 5 ఐరన్‌కు సుమారు 26 డిగ్రీలు, 7 ఐరన్‌కు 34, 9 ఐరన్‌కు 42, పిచింగ్ వెడ్జ్‌కు 46. ఈమధ్య వస్తున్న సెట్లలో ఈ అంకెలు నాలుగైదు డిగ్రీలు తగ్గాయి గానీ, ఒక్కో క్లబ్‌కూ మధ్య తేడా మాత్రం దాదాపు 4 డిగ్రీలే. ఈ 4 గుర్తుంచుకుంటే చాలా పని జరుగుతుంది. ఎక్కుడు వాలులో, అంటే లక్ష్యం వైపు ఉన్న పాదం ఎత్తులో ఉన్నప్పుడు, వాలు వెంట స్వింగ్ చేస్తే వాలు కోణం మొత్తం లాఫ్ట్‌కు కలుస్తుంది. 8 డిగ్రీల ఎక్కుడు మీద 7 ఐరన్ 9 ఐరన్ అయిపోతుంది. బంతి ఎత్తుగా లేచి, ముందే పడి, పడ్డచోటే ఆగుతుంది. దిగుడు వాలులో అదే 8 డిగ్రీలు తగ్గుతాయి. 7 ఐరన్ 5 ఐరన్‌లా మారి, బంతి కిందుగా పోయి, పడ్డాక బాగా దొర్లుతుంది.

8 డిగ్రీలంటే ఎంతో కంటితో చెప్పడం కష్టం. చుట్టూ ఉన్న చెట్లు, గుండ్లు, గోడలు కంటిని మోసం చేస్తాయి. పాదాలతో కొలవడం మేలు. సాధారణ స్టాన్స్‌లో, అంటే కొట్టడానికి నిలబడే తీరులో, రెండు పాదాల మధ్య దూరం అడుగున్నర అనుకుందాం. ఒక పాదం రెండో దానికన్నా రెండు అంగుళాలు ఎత్తులో ఉంటే వాలు సుమారు 6 డిగ్రీలు, అంటే ఒకటిన్నర క్లబ్ తేడా. మూడు అంగుళాలైతే 9 డిగ్రీలు దాటుతుంది, రెండు క్లబ్బుల పైమాటే. అనుభవం ఉన్న కేడీలు (ఆటగాడి బ్యాగు మోసేవాళ్లు) ఎక్కుడు మీద "ఒక క్లబ్ ఎక్కువ తీసుకోండి సార్", అంటే ఇంకాస్త దూరం పోయే క్లబ్ తీసుకోండి అనడం వెనక ఉన్నది ఈ లెక్కే. వాళ్లు డిగ్రీలు లెక్కపెట్టరు, నేలను కాళ్లతో చదువుతారు.

ఇక్కడ చాలామంది కలిపేసుకునే రెండు విషయాలను విడదీయాలి. పాదాల కింద వాలు ఒకటి, గ్రీన్ ఎంత ఎత్తులోనో పల్లంలోనో ఉందన్నది ఇంకొకటి. గ్రీన్ పది గజాలు పైన ఉంటే స్థూలంగా పది గజాలు దూరం కలుపుకోవాలని ఒక మోటు లెక్క. అది పాదాల కింద వాలుతో సంబంధం లేనిది. మధ్యలో పల్లం ఉండి గ్రీన్ అవతలి మిట్ట మీద ఉంటే, ఇవతలి దిగుడు మీద నిలబడి కొట్టాలి. నేల బంతిని కిందుగా పంపిస్తుంది, గ్రీన్‌కు చేరాలంటే ఎత్తుగా పోయే బంతి కావాలి. రెండూ ఒకదానికొకటి ఎదురు. ఇలాంటి చోట గ్రీన్ ముందు భాగానికి బంతిని చేర్చి, అక్కడి నుంచి చిప్ చేయడమే, అంటే చిన్న షాట్‌తో జెండా దగ్గరికి వేయడమే తెలివైన ఆట.

పక్కవాలు సంగతి వేరు. అక్కడ మారేది దూరం కన్నా ఎక్కువగా దిశ. బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటే క్లబ్ తల కొస, అంటే టో, పైకి లేస్తుంది. ముఖానికి లాఫ్ట్ ఉంది కాబట్టి, టో లేవగానే ఆ ముఖం ఎడమవైపు చూడటం మొదలుపెడుతుంది. ఆటగాడు ఏమీ చేయకుండానే ఇది జరుగుతుంది. లాఫ్ట్ ఎక్కువైన కొద్దీ ఈ మళ్లింపు పెరుగుతుంది. జ్యామితి ప్రకారం, 5 డిగ్రీల పక్కవాలు కోణం క్లబ్‌కు పూర్తిగా సోకితే పిచింగ్ వెడ్జ్ ముఖం 5 డిగ్రీలకు పైగా ఎడమకు తిరుగుతుంది. 100 గజాల దూరంలో అది 9 గజాలు. 7 ఐరన్ అయితే 3 డిగ్రీల కన్నా కాస్త ఎక్కువ, 140 గజాలకు 8 గజాలు. 10 డిగ్రీల డ్రైవర్ ముఖం 1 డిగ్రీ కూడా తిరగదు.

ఆటగాళ్లు తరచూ దీనికి సరిగ్గా తిరగేసి ఆలోచిస్తారు. పెద్ద క్లబ్ పట్టుకున్నప్పుడు వాలుకు భయపడి బాగా కుడికి గురిపెడతారు. వెడ్జ్ చేతిలో ఉంటే దగ్గరే కదా అని నేరుగా జెండా వైపు గురిపెడతారు. నిజానికి వెడ్జ్‌తోనే ఎక్కువ జాగ్రత్త పడాలి. పది డిగ్రీల పక్కవాలు మీద పిచింగ్ వెడ్జ్ లెక్క పది డిగ్రీలకు చేరుతుంది. 100 గజాలకు 17, 18 గజాలు. అంటే గ్రీనే తప్పిపోవచ్చు. క్లబ్‌ను కిందికి పట్టుకోవడం, చేతుల ఎత్తు మార్చడం వల్ల అసలు మళ్లింపు ఇంతకన్నా తగ్గుతుంది గానీ దిశ మారదు. కాబట్టి గురి కుడికి జరపడమే పరిష్కారం. ముఖాన్ని చేతులతో తెరిచి సరిచేయబోతే ఒకసారి పనిచేస్తుంది, మూడుసార్లు మోసం చేస్తుంది.

బంతి ఎత్తులో ఉన్నప్పుడు శరీరం పని సులువే. బంతి దగ్గరగా వచ్చింది కాబట్టి గ్రిప్‌ను ఒక అంగుళమో, ఇంకాస్తో కిందికి పట్టుకోవాలి. కొంచెం నిటారుగా నిలబడి, బరువును మడమల మీదికి జారనివ్వకుండా పాదాల ముందు భాగంలో ఉంచాలి. స్వింగ్ దానంతటదే శరీరం చుట్టూ చదునుగా తిరుగుతుంది. అలా తిరగనివ్వాలి. నిటారుగా దించబోతే క్లబ్ బంతి కన్నా ముందు మట్టిని తవ్వుతుంది.

బంతి పాదాల కన్నా కింద ఉండటమే నాలుగింటిలో కష్టం. ముఖం కుడివైపు చూస్తుంది, కనుక ఎడమకు గురిపెట్టాలి. ఇది చిన్న సమస్య. బంతి దూరం కావడం పెద్ద సమస్య. దాన్ని అందుకోవడానికి తుంటి దగ్గర ఎక్కువ వంగాలి, మోకాళ్లు ఎక్కువ మడవాలి, స్టాన్స్ వెడల్పు చేయాలి, గ్రిప్ చివరిదాకా పట్టుకోవాలి. ఆ వంపు బంతి తగిలేదాకా అలాగే ఉండాలి. శరీరం మాత్రం స్వింగ్ మధ్యలోనే లేవాలని చూస్తుంది. ఒక అంగుళం లేచినా క్లబ్ బంతి నెత్తిన తగిలి, బంతి టాప్ అయి కాళ్ల ముందే దొర్లుతుంది. లేవకుండా ఆపుకుంటే ఇంకో ప్రమాదం. వాలు శరీరాన్ని బంతి వైపు, కాలివేళ్ల మీదికి లాగుతుంది. క్లబ్ మెడ బంతికి తగిలి షాంక్ అవుతుంది. అందుకే బరువు మడమల వైపు ఉంచుకోవాలి. పూర్తి స్వింగ్ పెట్టుకోకూడదు. ఒక క్లబ్ పెద్దది తీసుకుని, ముప్పావు స్వింగ్‌తో చేతులను ఎక్కువగా, కాళ్లను తక్కువగా వాడటం మంచిది. ఈ షాట్‌లో దూరం కోసం ఆశపడకూడదు, బంతి మధ్యలో తగలడమే గెలుపు.

ఎక్కుడు వాలుకు అందరూ చెప్పే సూత్రం ఒకటుంది: భుజాలను వాలుకు సమాంతరంగా ఉంచి, బంతిని ఎత్తు పాదం వైపు కాస్త జరిపి, వాలు వెంట కొట్టాలి. మామూలు వాలుకు ఇది సరైనది. బరువు కింది పాదం మీద నిలిచిపోతుంది, ముందుకు తిరగడం కష్టమై చేతులే క్లబ్‌ను మూసేస్తాయి. అందుకని బంతి కాస్త ఎడమకు పోతుంది, గురి కాస్త కుడికి ఉండాలి. కానీ వాలు మరీ నిటారుగా ఉంటే ఈ సూత్రాన్ని పట్టుకుని వేలాడటం తప్పు. భుజాలు వాలుతో పాటు వంచితే మనిషి వెనక్కి పడతాడు. అలాంటి చోట వాలులోకి ఒరిగి, ముందు మోకాలు మడిచి, బరువు ఎత్తు పాదం మీద ఉంచి, చిన్న స్వింగ్‌తో బంతిని బయటపడేయాలి. క్లబ్ మట్టిలో దిగబడిపోతుంది, స్వింగ్ పూర్తి కాదు. అయినా బంతి పోతుంది. భుజాలు వాలు వెంట ఉంచి, ప్రాక్టీస్ స్వింగ్ చివర తూలకుండా నిలబడగలిగితే మొదటి పద్ధతి. లేకపోతే రెండోది.

దిగుడు వాలులో శరీరమే శత్రువు. చెరువు కట్ట దిగే మనిషి ఒళ్లు తనంతట తానే వెనక్కి వాలుతుంది, పడిపోకుండా ఉండటానికి. దిగుడు మీద క్లబ్ పట్టుకున్నప్పుడూ ఒళ్లు అదే పని చేస్తుంది. వెనక్కి వాలగానే స్వింగ్ అడుగు బంతి వెనక్కి జరుగుతుంది. అక్కడ నేల బంతి కన్నా ఎత్తులో ఉంది. క్లబ్ ముందు నేలకు తగులుతుంది, లేదా నేలను తప్పించుకుని బంతి నడుముకు తగులుతుంది. వేసవిలో గట్టి చెలక నేల మీద క్లబ్ ఎగిరిపడి బంతి నడుముకే తగులుతుంది. దీనికి మందు అలవాటుకు ఎదురు వెళ్లడమే. భుజాలు వాలుతో వంచి, బరువు ముందు పాదం మీద వేసి, బంతిని వెనక పాదం వైపు, అంటే ఎత్తు వైపు జరపాలి. కొట్టాక క్లబ్ తల బంతి వెంటే వాలు కిందికి పోవాలి. ఆఖర్న ఒక అడుగు ముందుకు పడితే పడనివ్వాలి. బంతి కాస్త కుడికి పోతుంది కాబట్టి గురి కాస్త ఎడమకు. బంతిని పైకి లేపే ప్రయత్నం మాత్రం చేయకూడదు.

క్లబ్ ఎంపికలో ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. 15 డిగ్రీల 3 వుడ్ 6 డిగ్రీల దిగుడు మీద 9 డిగ్రీలదవుతుంది. టీ లేకుండా నేల మీది బంతిని అంత తక్కువ లాఫ్ట్‌తో గాల్లోకి లేపడం మంచి ఆటగాళ్లకే కష్టం. 21, 22 డిగ్రీల హైబ్రిడ్ తీసుకుంటే నేలే దాన్ని 3 వుడ్‌గా మార్చి ఇస్తుంది. గ్రీన్ దగ్గర కూడా ఇంతే. 56 డిగ్రీల శాండ్ వెడ్జ్ 10 డిగ్రీల దిగుడు మీద పిచింగ్ వెడ్జ్ అవుతుంది. బంకర్ (ఇసుక గుంత) అవతల దగ్గరలోనే జెండా ఉందని బంతిని ఎత్తుగా వేయబోతే బంకర్‌లోనే పడుతుంది. జెండా దాటి పదిహేను అడుగులు పోయినా సరే అనుకుని కొడితే గ్రీన్ మీద బంతిని దొర్లించే రెండు పుట్‌లలో హోల్ ముగుస్తుంది.

ఇంతదాకా వాలులను విడివిడిగా చూశాం. నిజంగా నేల అలా ఉండదు. గోల్కొండ లాంటి చోట ఎక్కుడూ పక్కవాలూ కలిసే వస్తాయి. అప్పుడు దిశలు కూడుతాయో, రద్దవుతాయో చూడాలి. ఎక్కుడు వాలు, పాదాల కన్నా ఎత్తులో బంతి: రెండూ ఎడమకే లాగుతాయి, కాబట్టి గురి ఇంకా కుడికి. దిగుడు వాలు, పాదాల కన్నా కింద బంతి: రెండూ కుడికే. పైగా ఒళ్లు రెండు వైపులా తూలుతుంది. బంతి ఇలా ఆగిన చోటు నుంచి గ్రీన్ కోసం ఆశపడటం దాదాపు ఎప్పుడూ నష్టమే, ఫెయిర్‌వేలో సురక్షితమైన చోటు చూసుకోవాలి. ఎక్కుడుతో కింది బంతి, దిగుడుతో ఎత్తు బంతి వస్తే దిశలు చాలావరకు రద్దవుతాయి. అక్కడ దూరం లెక్క ఒక్కటి సరిచూసుకుంటే చాలు, గురి పెద్దగా మార్చనక్కర్లేదు.

ప్రపంచస్థాయి కోర్సులు ఈ లెక్కనే పరీక్షగా పెడతాయి. అమెరికాలో మాస్టర్స్ టోర్నమెంట్ జరిగే ఆగస్టా నేషనల్‌లో 13వ హోల్ పార్ 5, అంటే ఐదు దెబ్బల్లో ముగించాల్సినది. ఫెయిర్‌వే కుడి నుంచి ఎడమకు వాలి ఉంటుంది, కుడిచేతి ఆటగాడికి రెండో షాట్‌లో బంతి పాదాల కన్నా ఎత్తులో ఉంటుంది. గ్రీన్ ముందూ పక్కనా రేస్ క్రీక్ అనే వాగు పాయ పారుతుంది. నేల బంతిని ఎడమకు లాగుతుంది. ఆ మళ్లింపు ముందే లెక్క వేసుకుని గురిపెట్టడమా, పాయ ఇవతల ఆగడమా అని గొప్ప ఆటగాళ్లు కూడా అక్కడ ఆలోచిస్తారు.

నిబంధనలు కూడా వాలు మీద ఎక్కువగా అవసరమవుతాయి. పాదాలను గట్టిగా ఊనుకోవచ్చు గానీ మట్టి తవ్వి మెట్టులా చేసుకోకూడదు. అది స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే పోటీలో) రెండు స్ట్రోకుల పెనాల్టీ. ఆగిన బంతి తనంతట తానే, గురుత్వం వల్లో గాలి వల్లో ఫెయిర్‌వేలో దొర్లిపోతే పెనాల్టీ లేదు, కొత్త చోటు నుంచి ఆడాలి. ఆటగాడి చేష్ట వల్ల కదిలితే ఒక స్ట్రోక్ పెనాల్టీ పడి, బంతిని పాత చోటే పెట్టాలి. కాబట్టి నిటారు వాలులో క్లబ్‌ను బంతి వెనక నేలకు ఆనించకుండా గాల్లో పట్టుకోవడం మంచిది. నిబంధన ప్రకారం చేత్తో వదిలిన (డ్రాప్ చేసిన) బంతి రెండుసార్లూ హద్దు దాటి దొర్లిపోతే, రెండోసారి మొదట నేలను తాకిన చోట చేత్తో పెట్టాలి. 2019 నుంచి డ్రాప్ మోకాలి ఎత్తు నుంచే.

గుండ్ల సంగతి హైదరాబాద్‌లో తరచూ చర్చకు వస్తుంది. నేలలో గట్టిగా పాతుకున్న గుండు కోర్సులో భాగం, దాని పక్కన బంతి ఆగితే ఉచితంగా పక్కకు జరిపే వీలు లేదు. ఉన్నచోటే కొట్టాలి, లేదా ఆడలేనని ప్రకటించి ఒక స్ట్రోక్ ఇచ్చుకోవాలి. పాతుకోని రాయిని మాత్రం, ఎంత పెద్దదైనా, తొలగించవచ్చు, సాయం కూడా తీసుకోవచ్చు. 1999 ఫీనిక్స్ ఓపెన్ 13వ హోల్‌లో టైగర్ వుడ్స్ బంతి ముందున్న పెద్ద బండను ప్రేక్షకులు నెట్టేశారు, రిఫరీ ఒప్పుకున్నాడు. దాన్ని చూసి ఇక్కడి గుండ్లను నెట్టబోవడం వృథా. ఇక్కడివి చాలావరకు నేలలో దిగినవే.

సాధన ఎక్కడ చేయాలన్నది చివరి ప్రశ్న. రేంజ్ మ్యాట్ మీద కుదరదు. ఇంట్లో ఒక ఇటుక చాలు. ఇటుక మందం సుమారు మూడు అంగుళాలు. అడుగున్నర స్టాన్స్‌లో ఒక పాదం దాని మీద పెడితే 9 డిగ్రీల పైచిలుకు వాలు తయారవుతుంది. ఎడమ పాదం ఎత్తితే ఎక్కుడు, కుడి పాదం ఎత్తితే దిగుడు. బంతి లేకుండా, సగం స్వింగ్‌తో, చివర మూడు సెకన్లు తూలకుండా నిలబడటం అలవాటు చేసుకోవాలి. ఇటుక జారకుండా గోనెసంచి లాంటిది కింద వేయాలి. పక్కవాలుకు చెక్క పలక వాలుగా పెట్టడం ప్రమాదం, పాదం జారుతుంది. అది క్లబ్‌లో ప్రాక్టీస్ గ్రీన్ పక్క గట్టు మీదే చేసుకోవాలి. అక్కడ బంతి పెట్టేముందు రెండు మూడు ఖాళీ స్వింగులు చేసి, క్లబ్ గడ్డిని మొదట ఎక్కడ తాకుతోందో చూడాలి. ఆ తాకే చోటుకు కాస్త వెనకగా బంతిని పెట్టుకోవాలి, క్లబ్ ముందు బంతికి, తర్వాత గడ్డికి తగలాలి కాబట్టి. కోర్సులో ఆడేటప్పుడు కూడా బంతికి ఒక అడుగు వెనక, అదే వాలు మీద ఈ పని చేయవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. నాలుగు వాలులకూ ఆ తాకే చోటు నాలుగు రకాలుగా ఉంటుంది, ఒక్కో ఆటగాడికి ఇంకోలా ఉంటుంది.